మీటరు మీది ఎర్ర మిణుకును లెక్కపెట్టండి

మాది బరంపురం. ఫ్రిజ్, నాలుగు ఫ్యాన్లు, టీవీ, ఇన్వర్టర్ ఉన్నాయి, ఏసీ లేదు. కిందటేడు ఇదే నెలలో 240 యూనిట్లు కాలింది, ఈసారి 310. కొత్తగా కొన్నదేమీ లేదు. ఫైవ్‌స్టార్ ఫ్రిజ్ కొంటే తగ్గుతుందా?

ఫ్రిజ్ కొనే ముందు ఒక రాత్రి మీటరు దగ్గర నిలబడండి. పెరిగిన 70 యూనిట్లను 30 రోజులకు, రోజుకు 24 గంటల చొప్పున పంచితే 97 వాట్లు. అంటే మీ ఇంట్లో ఏదో ఒకటి రాత్రీ పగలూ వంద వాట్లు లాగుతోంది, లేదంటే రోజూ కొన్ని గంటలే అంతకు రెండు మూడింతలు లాగుతోంది. దాన్ని పట్టుకోవడానికి ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు.

డిజిటల్ మీటరు మీద ఎర్రగా మిణుకుమనే చిన్న ఎల్‌ఈడీ ఉంటుంది. యూనిట్‌కు ఎన్ని మిణుకులో దాని పక్కనే ముద్రించి ఉంటుంది. కొన్నిటికి 1600, కొన్నిటికి 3200, ఇంకేదైనా అంకె కావచ్చు. ఒక మిణుకు నుంచి తర్వాతి మిణుకుకి ఎన్ని సెకన్లో చూడండి. 36 లక్షలను ముందు ఆ అంకెతో, తర్వాత సెకన్లతో భాగిస్తే ఆ క్షణంలో ఇల్లు లాగుతున్న వాట్లు తేలతాయి. 3200 మీటరు 11 సెకన్లకోసారి మిణుకుమంటే వంద వాట్లు, నిమిషానికోసారైతే 19 వాట్లు.

ముందు అన్నీ ఆపండి. టీవీనీ సెట్‌టాప్ బాక్సునీ రిమోట్‌తో కాదు, గోడ స్విచ్ దగ్గర ఆపాలి. ఇన్వర్టర్‌ను మెయిన్ ప్లగ్గు దగ్గరా, దాని ముందున్న స్విచ్ దగ్గరా, రెండు చోట్లా ఆపాలి. లేకపోతే అది బ్యాటరీ మీద నడుస్తూనే ఉండి, తర్వాత ఆ లోటు పూడ్చుకోవడానికి ఎక్కువ లాగి మీ లెక్క చెడగొడుతుంది. అన్నీ ఆపినా మిణుకు ఆగలేదంటే మరిచిపోయిన ప్లగ్గేదో ఉంది, లేదా గోడలోని వైరింగు నుంచి కరెంటు లీకవుతోంది. వానాకాలంలో చెమ్మ పట్టిన గోడల్లో ఇది జరుగుతుంది, ప్రాణాపాయం కూడా. ఎలక్ట్రీషియన్‌తో చూపించి, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించుకోండి. మెయిన్ స్విచ్ దించేసినా మిణుకుతూనే ఉంటే, మీటరుకీ మెయిన్‌కీ మధ్యలో ఎవరైనా వైరు కలిపారేమో, మీటరే చెడిందేమో చూడమని విద్యుత్ పంపిణీ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ఇప్పుడు ఒక్కొక్కటే వేస్తూ కొలవండి. ఏసీ లేని ఇంట్లో నేను ముందు అనుమానించేది ఇన్వర్టర్ బ్యాటరీనే. 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటిన జిల్లా మీది, ఇన్వర్టర్ తీసెయ్యమని ఎవరూ అనరు. కానీ ముసలి బ్యాటరీకి నిండడం అంటూ ఉండదు, ఛార్జింగ్ కరెంటు తగ్గకుండా లాగుతూనే ఉంటుంది. కరెంటు పోకుండా ఒక పూట గడిచాక కూడా ఇన్వర్టర్ ఒక్కటే 60, 70 వాట్లు చూపిస్తోందా? బ్యాటరీ పక్కన చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉండి, డిస్టిల్డ్ వాటర్ కూడా ఇదివరకటి కంటే తరచుగా పోయాల్సి వస్తుంటే దాని పని అయిపోయింది. మంచి బ్యాటరీ అయితే నిండాక ఇన్వర్టర్ చాలా కొద్దిగానే తీసుకుంటుంది.

ఫ్రిజ్ సంగతి వేరు. కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది కాబట్టి దాన్ని మిణుకుతో కొలవడం కుదరదు, 24 గంటలు చూడాలి. యూనిట్లు లెక్కించే, ఫోన్ యాప్‌తో నడిచే 16 యాంపుల స్మార్ట్ ప్లగ్గు పెట్టండి. అందులో రెండు చిక్కులున్నాయి. ఇవి చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి, ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే సెటప్ ఆగిపోతుంది. రెండోది ముఖ్యం: కరెంటు పోయి వచ్చాక కొన్ని ప్లగ్గులు ఆఫ్‌లోనే ఉండిపోతాయి, పొద్దున్నకి పాలు విరిగిపోతాయి. యాప్ సెట్టింగుల్లో, కరెంటు వచ్చాక 'ఆన్' అయ్యేలా పెట్టాకే ఫ్రిజ్‌కి తగిలించండి.

కొలత ఎక్కువొస్తే తలుపు రబ్బరు చూడండి. ఒక కాగితాన్ని తలుపు సందులో పెట్టి మూసి లాగండి. ఇట్టే జారి వచ్చేస్తే అక్కడ చల్లదనం కారిపోతోంది. గోరువెచ్చని సబ్బునీళ్లతో రబ్బరు తుడిస్తే చాలాసార్లు మళ్లీ పట్టుకుంటుంది, చిరిగిపోతే రబ్బరొక్కటే మార్పించొచ్చు. వెనక కాయిల్ మీద దుమ్ము దులిపి, గోడకు జానెడు దూరం జరపండి. ఇన్ని చేశాక కూడా తగ్గకపోతే అప్పుడు కొత్త ఫ్రిజ్ మాట.

సిరొంచ (మహారాష్ట్ర) నుంచి: కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ ఫ్యాన్ పెట్టించాం. పాత రెగ్యులేటర్ తిప్పితే గురగురమంటోంది, రిమోట్ పనిచేయడం లేదు. ఫ్యాన్ లోపమా?

కాదు, రెగ్యులేటర్‌ది. బీఎల్‌డీసీ ఫ్యాన్‌లో ఒక చిన్న సర్క్యూట్ ఉంటుంది, దానికి పూర్తి 230 వోల్టులు అందాలి. రెగ్యులేటర్ దాన్ని ముక్కలు చేసి పంపుతుంది. అలాగే నడిపిస్తే లోపలి కెపాసిటర్లు కాలిపోవచ్చు, వారంటీ వాళ్లు ఇదే కారణం చూపి కాదంటారు. రెగ్యులేటర్‌ను తప్పించి, స్విచ్ నుంచి నేరుగా వైరు ఇప్పించండి.

ఎంత మిగులుతుందనేది ఏ ఫ్యాన్ మార్చారన్నదాని మీద ఉంటుంది. పాతది ఫుల్ స్పీడ్‌లో 75 వాట్లు, ఇది 28 వాట్లు అనుకుంటే, రోజుకు 15 గంటలకు నెలలో 21 యూనిట్లు. తక్కువ స్పీడ్‌లో ఆ తేడా బాగా తగ్గిపోతుంది. కాబట్టి హాల్లో ఎప్పుడూ అయిదులో తిరిగే ఫ్యానే ముందు మార్చాలి. ఇన్వర్టర్ మీద లాభం ఇంకా బాగా తెలుస్తుంది: నాలుగు ఫ్యాన్లకు 300 వాట్ల చోట 112 చాలు.

ఏసీ కొనాలా అని కూడా అడిగారు. మీ ఎండకి కూలరే సరి. 43 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్నప్పుడు తడిసిన ప్యాడ్ గాలిని 29 డిగ్రీల దాకా దింపగలదు, పంపుతో కలిపి ఖర్చు 200 వాట్ల లోపే. టన్నున్నర ఏసీ 1500 వాట్లు లాగుతుంది. అయితే కూలర్‌ను కిటికీకి బయట పెట్టి, ఎదురు కిటికీ ఒకటి తెరిచి ఉంచాలి. తలుపులన్నీ మూస్తే గంటలో గది ఆవిరి గుండిగ అవుతుంది. వానలు పడ్డాక పంపు ఆపేసి ఫ్యాన్ ఒక్కటే తిప్పండి. బరంపురం వాళ్లు ఇది చదివి కూలర్ కొనకండి: 34 డిగ్రీలు, 75 శాతం తేమలో అది 31 దగ్గరే ఆగిపోతుంది, పైగా గదంతా జిగట.

జయపురం నుంచి: చలికాలం గీజర్ రోజంతా వేసి ఉంచితే తక్కువ కాలుతుందని మేస్త్రీ అన్నాడు, నిజమా?

అబద్ధం. నీళ్లు వేడిగా కూర్చున్నంతసేపూ ఆ వేడి బయటికి పోతూనే ఉంటుంది, గీజర్ మళ్లీ మళ్లీ కాస్తూనే ఉంటుంది. 15 లీటర్లను 18 డిగ్రీల నుంచి 45కి తేవడానికి అర యూనిట్ కంటే తక్కువే చాలు, 2000 వాట్ల గీజర్‌కి అది పావుగంట పని. స్నానానికి 20 నిమిషాల ముందు వేసి, నీళ్లు కాగాక స్విచ్ ఆపి స్నానానికి వెళ్లండి. టైమర్ కావాలంటే 16 యాంపుల ప్లగ్గే తీసుకోండి. గీజర్ దాదాపు 9 యాంపులు లాగుతుంది, చిన్న ప్లగ్గుల కాళ్లు వేడెక్కి సాకెట్‌లోనే కరుగుతాయి.