షెడ్డు సంగతి తర్వాత చూద్దాం

బాబూ,

నువ్వు పంపిన ప్రాజెక్టు రిపోర్టు మీ నాన్న ప్రింటు తీయించి తెచ్చి ఇచ్చాడు. రెండుసార్లు చదివాను. హైదరాబాద్ ఉద్యోగం వదిలి పలాసలో జీడిపప్పు యూనిట్ పెడతానన్నావు. ఊళ్ళో మరో పదిమందిని కూడా వ్యాపారంలోకి తెస్తానన్నావు. నాకు చాలా సంతోషంగా ఉంది. పలాస చుట్టుపక్కల మన ఉద్దానం ఊళ్ళ నుంచి జనం వెళ్ళిపోవడమే నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. తాపీ పనికి చెన్నై, చేపల వేటకి గుజరాత్‌లోని వీరావల్, చదువుకున్నవాళ్ళు హైదరాబాద్. తిరిగొస్తానన్నవాడివి నువ్వు. అందుకే ఫోన్‌లో కాకుండా కాగితం మీద రాస్తున్నాను. అవసరమైనప్పుడు మళ్ళీ తీసి చూసుకోవచ్చు.

నేను పన్నెండేళ్ళు జీడి పిక్కల పెంకు కొట్టి పప్పు తీశాను. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు సొంత యూనిట్ నడిపాను. నీ రిపోర్టులో నాకు భయం వేసిన చోటు ఒకటే. 25 లక్షల్లో 19 లక్షలు షెడ్డుకీ, మిషన్లకీ రాశావు. పిక్కలు కొనడానికీ, కూలీలకీ, కరెంటుకీ కలిపి 6 లక్షలు ఉంచావు. దీన్ని తిరగెయ్యాలి.

ఎందుకో చెబుతాను. మన తోటల్లో ఫిబ్రవరి నెలాఖరు నుంచి పిక్క రాలడం మొదలై, మే దాటితే అయిపోతుంది. ఏడాదికి సరిపడా సరుకు ఆ మూడు నెలల్లోనే కొనుక్కోవాలి. రైతుకి అదే రోజు డబ్బివ్వాలి, లేకపోతే పక్కవాడికి వేస్తాడు. కొన్న పిక్కని ఎండబెట్టాలి, ఉడికించాలి, కొట్టాలి. పప్పుని వేడి గదిలో ఆరబెట్టి, పొట్టు తీసి, గ్రేడు చేసి డబ్బాలో పెట్టాలి. ఆ డబ్బా ఏ ఊరి వ్యాపారికో వెళ్ళాక, ఆయన ఇచ్చేది నెలకో, రెండు నెలలకో. అంటే నువ్వు మార్చిలో పెట్టిన రూపాయి చాలాసార్లు జూన్‌లో గానీ ఇంటికి రాదు. ఈలోగా కూలీలకి శనివారం శనివారం ఇవ్వాల్సిందే. రొటేషన్‌కి డబ్బు లేనివాడికి ఎంత పెద్ద షెడ్డున్నా లోపల తిప్పడానికి సరుకు ఉండదు.

నేను చేసిన తప్పు ఇదే. రెండో ఏడాదే పెద్ద షెడ్డు వేశాను. సీజన్ వచ్చేసరికి చేతిలో డబ్బు లేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పిక్కలు కొన్నాను. అంటే ఏడాదికి 36 శాతం. వడ్డీ భయానికి పప్పు తయారైంది తయారైనట్టే వచ్చిన రేటుకి అమ్మేశాను. సరుకు ఆపుకోగలిగినవాళ్ళు దసరా, దీపావళి గిరాకీకి అమ్ముకున్నారు. ఆ ఏడాది నా గాజులు బ్యాంకులోకి వెళ్ళాయి. మళ్ళీ విడిపించుకోవడానికి నాలుగేళ్ళు పట్టింది.

అందుకని మొదటి సీజన్ నువ్వు సొంతంగా ఏమీ పెట్టకు. మన యూనిట్ ఇప్పుడు మీ బావా, అక్కా నడుపుతున్నారు. వాళ్ళతో మార్చి నుంచి జూన్ దాకా పని చెయ్యి. తోటల్లోకి వెళ్ళి కొను. రోజూ కాటా దగ్గర నిలబడు. రెండో ఏడాది అద్దె షెడ్డులో మొదలుపెట్టు. కొన్నాళ్ళు పెద్ద వ్యాపారుల పిక్కలు తెచ్చి బస్తాకి ఇంత అని కూలికి కొట్టిపెట్టు. లాభం తక్కువే, కానీ సరుకు మీద నీ డబ్బు ఇరుక్కోదు, చెయ్యి కుదురుతుంది.

పిక్క కొనడం గురించి వివరంగా రాస్తాను. ఈ పనిలో లాభం అమ్మే దగ్గర కన్నా కొనే దగ్గరే తేలుతుంది. మన దగ్గర బస్తా అంటే 80 కిలోలు. బస్తా మూతి దగ్గరున్న పిక్కలు చూసి ఎప్పుడూ బేరం ఆడకు. పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి తీసి కిలో తూచు. గుప్పెడు పిక్కలు చెవి దగ్గర పెట్టి ఆడించు. బాగా ఎండినవి గలగలలాడతాయి, పచ్చివి చప్పుడు చెయ్యవు. ఆ కిలో అక్కడే కొట్టించు. పుచ్చినవి, నల్లబడినవి, ముడుచుకుపోయినవి పక్కన పెట్టి మంచి పప్పు పొట్టుతోనే తూచు. 280 గ్రాములు వస్తే మంచి సరుకు. 250కి వస్తే రేటు తగ్గించమను, తగ్గించకపోతే లేచి వచ్చెయ్యి. కిలోకి 30 గ్రాములు అంటే చిన్నగా కనిపిస్తుంది. బస్తాకి 2 కిలోల 400 గ్రాములు, వంద బస్తాలకి 240 కిలోల పప్పు. అమ్మే రేటుతో హెచ్చించి చూసుకో. ఒక్కోసారి ఏడాది లాభం మొత్తం అందులోనే ఉంటుంది. మన తోటల పిక్క చాలక ఆఫ్రికా పిక్క కొనాల్సి వచ్చినా ఇదే పరీక్ష.

తర్వాత లోను. నీ రిపోర్టులో కొత్త యూనిట్లకి కేంద్రం సబ్సిడీతో ఇప్పించే లోను, పీఎంఈజీపీ రాశావు, మంచిదే. తయారీ యూనిట్‌కి 50 లక్షల ప్రాజెక్టు దాకా ఇస్తారు. పల్లెలో పెట్టే బీసీలకి, ఎస్సీ, ఎస్టీలకి, ఆడవాళ్ళకి సబ్సిడీ 35 శాతం, మన వాటా 5 శాతం. కానీ మూడు విషయాలు గుర్తుంచుకో. ఇది కొత్త యూనిట్లకే. నీ పేరు మీద ముందే మొదలుపెట్టేస్తే అర్హత పోతుంది, కాబట్టి మా దగ్గర పని నేర్చుకుంటూనే దరఖాస్తు పెట్టు. స్థలం కొన్న ఖర్చు ప్రాజెక్టులో కలవదు. అన్నిటికన్నా ముఖ్యం, సబ్సిడీ డబ్బు నీ చేతికి రాదు. మూడేళ్ళు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, యూనిట్ సవ్యంగా నడుస్తుంటే లోనులో జమ అవుతుంది. సబ్సిడీ వస్తుంది కదా అని ఆ ధైర్యంతో బయట అప్పు చెయ్యకు. బ్యాంకు మేనేజరుని కలిసినప్పుడు మిషన్ల కొటేషన్లు ఒక్కటే చూపించకు. ఏ నెలలో ఎంత కొంటావు, ఏ నెలలో ఎంత తిరిగొస్తుంది అన్నది ఒక కాగితం మీద రాసి చూపించు.

యూనిట్ మొదలైన రోజే చిన్న పరిశ్రమగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించు. డబ్బేమీ కట్టక్కర్లేదు, ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకు. అరువు తీసుకున్న వ్యాపారి చిన్న యూనిట్‌కి 45 రోజుల్లోగా డబ్బివ్వాలని చట్టం ఉంది. ఆ రిజిస్ట్రేషన్ ఉంటేనే నువ్వు ఫిర్యాదు చెయ్యగలవు. నాకు ఒక వ్యాపారి దగ్గర పదకొండు నెలలు డబ్బు ఆగిపోయింది. నా చేతిలో కాగితం ముక్క లేదు. ఒకే మనిషికి సగానికి మించి సరుకు ఇవ్వడం ఆ రోజుతో మానేశాను.

ఇక పనివాళ్ళు. నీ రిపోర్టులో వాళ్ళని "లేబర్ ఖర్చు" అని ఒక్క లైనులో రాశావు, నాకు బాధేసింది. విరగని పప్పు గుండు. గుండు విరిగితే బద్ద, బద్ద విరిగితే ముక్క. విరిగిన ప్రతిసారీ రేటు పడిపోతుంది. గుండు నిలబడేది కొట్టే ఆడమనిషి చేతిలో. నేను కొట్టే రోజుల్లో పెంకులోని జీడి నూనె తగిలి వేళ్ళు కాలి నల్లబడేవి. ఆముదం, బూడిద రాసుకుని కూర్చునేవాళ్ళం. అన్నం కలుపుకుంటే మండేది. నువ్వు గ్లోవ్స్ కొనివ్వు, చిరిగితే మళ్ళీ కొనివ్వు. గాలి ఆడే చోట కూర్చోబెట్టు. మన దగ్గర కిడ్నీ జబ్బు లేని వీధి లేదని నీకు తెలుసు. మొగుణ్ణి డయాలసిస్‌కి తీసుకెళ్ళాల్సిన మనిషి వారానికి రెండు మూడు రోజులు రాలేదు. అలాంటివాళ్ళకి కిలో లెక్కన కూలి పెట్టు, వీలున్న గంటల్లో వచ్చి పని చేసుకుంటారు. నా దగ్గర ఎక్కువ ఏళ్ళు ఉన్నవాళ్ళు వాళ్ళే.

ఆ పదిమంది గురించి. అందరిచేతా జీడి యూనిట్లే పెట్టించకు. ఒకే తోటలో అందరూ పోటీపడి పిక్క రేటు పెంచుకుంటారు, పప్పు రేటు తగ్గించుకుంటారు. యూనిట్ల చుట్టూ ఏం కావాలో చూడు. కట్టింగ్ మిషన్ ఆగిపోతే బాగుచేసే కుర్రాడి కోసం మనం ఒక్కోసారి రెండు రోజులు ఎదురు చూస్తాం. ఐటీఐ చదివిన ఇద్దరికి అదే బతుకుతెరువు. డబ్బాలు, అట్టపెట్టెలు, చిన్న ట్రాలీ ఆటో, తొక్క కొని నూనె మిల్లుకి వేసేవాడు, వీళ్ళందరూ కావాలి. డ్వాక్రా సంఘం ఆడవాళ్ళు ముక్కని పావు కిలో ప్యాకెట్లు చేసి స్వీట్ షాపులకీ, పెళ్ళి వంటవాళ్ళకీ నేరుగా అమ్మొచ్చు. చిన్న అమ్మకానికి ఫుడ్ లైసెన్సు బదులు రిజిస్ట్రేషన్ చాలు. ఆహార పదార్థాలు చేసే సంఘాల సభ్యులకి పీఎంఎఫ్ఎంఈ అనే కేంద్ర పథకం కింద మనిషికి 40 వేల దాకా పెట్టుబడి సాయం ఉంది. వాళ్ళ ఫారాలు నింపిపెట్టు. నీ చదువు ఊరికి మొదట ఉపయోగపడేది అక్కడే.

ఇన్సూరెన్స్ మర్చిపోకు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి మా షెడ్డు రేకులు లేచిపోయాయి. తెల్లారి చూస్తే బస్తాలు నీళ్ళలో నాని ఉన్నాయి. పాలసీలో షెడ్డు ఉంది, మిషన్లు ఉన్నాయి, సరుకు లేదు. నేను చదువుకోకుండా సంతకం పెట్టాను. ప్రతి ఫిబ్రవరిలో పాలసీ తీసి, సరుకు విలువ ఎంత రాశారో నువ్వే స్వయంగా చూడు.

మీ అమ్మకి కంగారుగా ఉంది. జీతం వదిలేస్తున్నావని నా దగ్గర ఏడ్చింది. ఏడాది ఇంటి ఖర్చు విడిగా బ్యాంకులో వేసి, పాస్‌బుక్ ఆమె చేతికివ్వు. ఆ డబ్బు వ్యాపారంలోకి తియ్యనని నాకు మాటివ్వాలి.

ఫిబ్రవరి మూడో వారానికల్లా రా. మందస వైపు తోటల్లో ముందుగా పిక్క రాలుతుంది, మొదటి బేరాలకి నేనూ వస్తాను. మా దగ్గరున్న కాటా 50 గ్రాముల లోపు చూపించదు. అక్కడి నుంచి గ్రాములు చూపించే చిన్న కాటా ఒకటి కొని తీసుకురా.

మీ అత్త