రోలర్ కోస్టర్ కోసం అంత దూరం వెళ్తే అది మూసి ఉంది.. దారి ఖర్చులు అడగొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. నాకూ మా తమ్ముడికీ రోలర్ కోస్టర్లంటే పిచ్చి. సెలవు పెట్టుకుని వేరే రాష్ట్రంలో ఉన్న ఒక పెద్ద పార్కుకి రైల్లో వెళ్లాం. వాళ్ల వెబ్‌సైట్ తెరవగానే కనిపించే బొమ్మే ఆ కోస్టర్‌ది. టికెట్లు పది రోజుల ముందు ఆన్‌లైన్‌లో కొన్నాం. తీరా వెళ్తే ‘మెయింటెనెన్స్ కోసం మూసివేత’ అని బోర్డు. వారం నుంచి మూసే ఉందని, ఇంకో పది రోజులు పడుతుందని సిబ్బందే చెప్పారు. మిగతా రైడ్లు ఎక్కి వచ్చేశాం. డబ్బు వాపసు అడిగితే ‘రీఫండ్ లేదు, నోటీసు లేకుండా రైడ్లు ఆపే హక్కు మాకుంది’ అన్న షరతు చూపించారు. టికెట్లు, రైలు, హోటల్ కలిపి 18 వేలు అయింది. మొత్తం రాబట్టుకోవచ్చా? కేసు వేయాలంటే మళ్లీ అక్కడికే పోవాలా?

జవాబు: రెండో దానికి ముందు చెబుతాను, అది తేలిక. పోనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే, అంటే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. పాత 1986 చట్టంలో ఈ వెసులుబాటు లేదు. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా ఉండదు. వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. లాయరు తప్పనిసరి కాదు (మా వాళ్లకు ఈ మాట నచ్చదు). గడువు రెండేళ్లు.

ఇక మొదటి ప్రశ్న. 18 వేలూ రావడం కష్టం. టికెట్ డబ్బులో కొంత, దానిమీద కొంత పరిహారం అడగడానికి మాత్రం మీకు మంచి కేసే ఉంది.

రైడ్ ఆగిపోవడమే సేవాలోపం కాదు. గాలి ఎక్కువైనా, పిడుగులు పడేలా ఉన్నా, బెల్టు సరిగా లేదని అనుమానం వచ్చినా ఆపాల్సిందే. ఆపకపోతేనే తప్పు. అమెరికాలోని సీడార్ పాయింట్ పార్కులో టాప్ థ్రిల్ 2 అనే కోస్టర్ 2024 మే 4న మొదలై, కొద్ది రోజులకే సాంకేతిక సమస్యతో ఆగి, ఆ సీజన్‌లో మళ్లీ తిరగలేదు. దానికోసం ఎక్కడెక్కడి నుంచో టికెట్లు బుక్ చేసుకున్న అభిమానులు ఉసూరుమన్నారు. అయినా, అనుకోకుండా వచ్చిన సమస్యను దాచిపెట్టడం అనలేం.

మీ సంగతి వేరు. మీరు వెళ్లేసరికే వారం అయింది, ఇంకా పది రోజులు ఉంది. ఇంత పొడుగు పని చాలావరకు ముందే షెడ్యూల్ చేసుకునేది. మీకు టికెట్లు అమ్మేనాటికి వాళ్లకు ఈ సంగతి తెలుసా అన్నదే అసలు ప్రశ్న. తెలిసీ చెప్పకపోతే, ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడం కూడా సేవాలోపమేనని సెక్షన్ 2(11) చెబుతోంది. అమ్మేనాటికి తెలియదన్నా, మూసేశాక మీ ఫోన్ నంబరు, ఈమెయిల్ వాళ్ల దగ్గరే ఉన్నాయి కదా! ఒక మెసేజ్ పెట్టడానికి వాళ్లకు వారం టైముంది. ఫిర్యాదులో ఈ పాయింటు గట్టిగా రాయండి.

‘నోటీసు లేకుండా ఆపుతాం’ అన్న షరతు చూసి టెన్షన్ పడకండి. అది అకస్మాత్తుగా ఆపాల్సి వచ్చినప్పటి మాట అని వాదించొచ్చు. షరతే అన్యాయమైనదని, దాన్ని కొట్టేయమని అడగాలంటే మాత్రం రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. 18 వేల కోసం అంత దూరం వద్దు. అలాగే, మిగతా రైడ్లు ఎక్కారు కాబట్టి టికెట్ మొత్తం వాపసు అడిగితే కమిషన్ ఒప్పుకోకపోవచ్చు. కొంత భాగం అడగండి.

రైలు, హోటల్ ఖర్చుల దగ్గరే అభిమానులు ఎక్కువగా బోల్తా పడతారు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 73 ప్రకారం ఒప్పందం తప్పితే సహజంగా వచ్చే నష్టాన్ని, లేదా ఒప్పందం నాటికే ఇద్దరికీ తెలిసిన నష్టాన్ని మాత్రమే అడగొచ్చు. దూరపు, పరోక్ష నష్టాలకు పరిహారం లేదు. చట్టంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు. ఒక మిల్లు యజమాని యంత్రాన్ని రవాణాదారుకి అప్పగిస్తూ, ఇది లేక మిల్లు ఆగిపోయిందని చెబుతాడు. రవాణాదారు ఆలస్యం చేస్తాడు. దాంతో మిల్లు నడవని రోజుల సగటు లాభం యజమానికి దక్కుతుంది. ఆ ఆలస్యం వల్ల చేజారిన ప్రభుత్వ కాంట్రాక్టు నష్టం మాత్రం దక్కదు.

పార్కు లెక్కలో మీరు ఊళ్లోంచి సిటీబస్సులో వచ్చిన కుర్రాడిలాంటివాళ్లే. ఆ ఒక్క కోస్టర్ కోసమే గుంటూరు నుంచి వస్తున్నారని వాళ్లకు ఎవరు చెప్పారు? అందుకే ప్రయాణ ఖర్చును విడి పద్దుగా కాకుండా, మానసిక వేదనకు అడిగే పరిహారంలో ఒక కారణంగా చూపించండి. వినియోగదారుల కమిషన్లకు ఈ విషయంలో కొంత విచక్షణ ఉంది. ఎంత ఇస్తారన్నది వాళ్ల ఇష్టం.

ఈసారి నుంచి టికెట్ కొనేముందే పార్కుకి ఒక ఈమెయిల్ పెట్టండి. ‘ఫలానా తేదీన ఫలానా రైడ్ కోసమే ఇంత దూరం నుంచి వస్తున్నాం, ఆ రోజు నడుస్తుందా?’ అని అడగండి. నడుస్తుందని జవాబిస్తే మీ దూరం వాళ్లకు తెలిసినట్టే. అప్పుడు రైలు టికెట్ కూడా లెక్కలోకి తేవచ్చు.

ఇప్పుడు చేయాల్సింది: బోర్డు ఫొటో, టికెట్లు, వెబ్‌సైట్ స్క్రీన్‌షాట్ (ఇంకా అదే బొమ్మ ఉంటే ఈరోజే తీయండి) దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. చాలా కంపెనీలు అక్కడే దిగొస్తాయి. రాకపోతే 15 రోజుల గడువుతో నోటీసు పంపి, తర్వాత కమిషన్‌కు వెళ్లండి.

అబుదాబి ఫెరారీ వరల్డ్‌లో గంటకు 240 కిలోమీటర్ల వేగంతో పోయే ఫార్ములా రోసా కోస్టర్ లాంటివాటి కోసం మనవాళ్లు విదేశాలకూ వెళ్తున్నారు కాబట్టి ఇంకో మాట. ఇక్కడ ఆఫీసు లేని విదేశీ పార్కు మీద మన కమిషన్ ఆర్డరు ఇచ్చినా అమలు చేయించడం చాలా కష్టం. ఇక్కడి ట్రావెల్ ఏజెంట్ దగ్గర ప్యాకేజీ కొని, అందులో ఆ రైడ్ పేరు రాయించుకుంటే, తేడా వచ్చినప్పుడు పట్టుకోవడానికి ఒక మనిషి ఉంటాడు.