మన ఇల్లు ఏ బ్లాకులో పడింది? జనగణన పటాలపై పాఠకుల ప్రశ్నలు

2027 జనగణన రెండు విడతల్లో జరుగుతుంది. 2026 ఏప్రిల్–సెప్టెంబర్ మధ్య ఇళ్ల జాబితా, 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్కింపు. మంచు ప్రాంతాలు మినహా దేశమంతటికీ లెక్క తేదీ 2027 మార్చి 1. 2011 తర్వాత ఇదే మొదటి లెక్క, ఫోన్ యాప్‌తో జరిగేది కూడా ఇదే మొదటిసారి. ఈ సందర్భంగా మాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హద్దుల గురించి, పటాల గురించే ఉన్నాయి. వాటిలో కొన్నింటికి జవాబులివి.

ప్రశ్న: మా తండా 2018లో విడిగా గ్రామ పంచాయతీ అయింది. సర్పంచి ఉన్నారు, ఆఫీసు ఉంది. కానీ 2011 జనాభా లెక్కల్లో మా తండా పేరే కనిపించదు. ఈసారైనా వస్తుందా? (నల్గొండ జిల్లా)

జనగణనకు ఊరంటే రెవెన్యూ గ్రామం. గ్రామ పంచాయతీ కాదు. తెలంగాణలో 500 జనాభా దాటిన తండాలను, గూడేలను 2018లో పంచాయతీలుగా చేశారు. రెవెన్యూ రికార్డులో మాత్రం వాటిలో చాలావరకు ఇప్పటికీ పాత ఊరికి శివారు ఆవాసాలే. మీ తండా జనాన్ని 2011లో లెక్కించకుండా వదిలేయలేదు. ఆ అంకె పాత ఊరి లెక్కలో కలిసిపోయి ఉంది.

విడిగా అంకె దొరకాలంటే బ్లాకు ఎలా గీశారన్నది ముఖ్యం. ఇంటింటికీ వచ్చి వివరాలు రాసుకునే ఒక ఎన్యూమరేటర్‌కు అప్పగించే ప్రాంతాన్ని ఇళ్ల జాబితా బ్లాకు అంటారు. అందులో సుమారు 700 నుంచి 800 మంది ఉండేలా చూస్తారు. మీ తండాలో 90 ఇళ్లే ఉంటే బ్లాకు నిండదు కాబట్టి పాత ఊరి చివరి వీధిలోంచి 60 ఇళ్లు తెచ్చి కలుపుతారు. అలా కలిపిన తర్వాత తండా అంకెను ఎవరూ విడదీయలేరు. తండా మొత్తం ఒకటి రెండు బ్లాకుల్లో విడిగా ఉంటే, ఆ బ్లాకులు కూడితే సరిపోతుంది.

గ్రామీణ ప్రాంతాల్లో ఈ బ్లాకులు గీయించే చార్జి ఆఫీసర్ తహసీల్దారు. ఉపగ్రహ చిత్రం మీద బ్లాకు హద్దులు గీసే వెబ్ మ్యాప్ అప్లికేషన్ చార్జి ఆఫీసర్ల చేతికి ఈసారే వచ్చింది. మీ పంచాయతీ కార్యదర్శితో ఒక కాగితం పెట్టించండి. అందులో రెండు విషయాలు అడగండి: తండాను ముక్కలు చేయకుండా, పాత ఊరి ఇళ్లతో కలపకుండా విడి బ్లాకులో ఉంచాలని, బ్లాకు వివరాల్లో ఆవాసం పేరు రాయాలని. ఇళ్ల జాబితాలో తేలిన జనాన్ని బట్టి ఫిబ్రవరి లెక్కింపు బ్లాకులు ఖరారవుతాయి కాబట్టి, మొదటి విడత అయిపోయినా అడగడం వృథా కాదు.

ఇంకో మాట. రెండు రెవెన్యూ గ్రామాలు కలిసేచోట ఉన్న ఇటుక బట్టీలు, కోళ్ల ఫారాలు, మామిడి తోటల కాపలా గుడిసెలే తరచూ జారిపోతాయి. ఈ ఊరి ఎన్యూమరేటర్ అవి ఆ ఊరివి అనుకుంటాడు, ఆ ఊరి ఎన్యూమరేటర్ ఈ ఊరివి అనుకుంటాడు. ఊరి మధ్యలో ఇల్లు తప్పిపోవడం అరుదు. అంచునే పట్టుకుని చూడాలి. ఆ అంచు ఎక్కడుందో తెలిసినవాళ్లు ఊళ్లోనే ఉంటారు. ఎన్యూమరేటర్ వచ్చిన మొదటి రోజున అలాంటి పెద్దాయన ఒకరు వెంట నడిస్తే చాలు.

ప్రశ్న: మా మండలాన్ని పక్క జిల్లాలో కలపాలని ఆందోళన చేస్తున్నాం. ఇప్పుడు కలిపితే జనగణనలో మారుతుందా? (అన్నమయ్య జిల్లా)

మారదు. లెక్క తేదీకి ముందు హద్దులను స్తంభింపజేయడానికి 1990 జనగణన నిబంధనల్లోనే వీలుంది. ఈసారి 2025 డిసెంబర్ 31 నాటికి ఉన్న జిల్లాలు, మండలాలు, ఊళ్లు, పురపాలక హద్దులే లెక్కకు ఆధారం. ఆంధ్రప్రదేశ్‌లో మార్కాపురం, పోలవరం జిల్లాల ఏర్పాటు, హైదరాబాద్ చుట్టూ ఉన్న 27 పట్టణ సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలపడం 2025 చివర్లో హడావిడిగా పూర్తయ్యాయి. ఆ తొందర వెనక ఈ గడువు కూడా ఉంది. లెక్క నడుస్తుండగా హద్దు జరిగితే ఒకే వీధిని ఇద్దరు లెక్కించవచ్చు, లేదా ఇద్దరూ వదిలేయవచ్చు. మీ ఆందోళన న్యాయమైనదే కావచ్చు, కానీ దాని ఫలితం ఈ లెక్కలో కనిపించదు.

ప్రశ్న: పిల్లలకు ప్రాజెక్టు ఇచ్చాను. 2011లో తెలంగాణ జనాభా ఒకచోట 3,51,93,978 అని, ఇంకోచోట 3,50,03,674 అని ఉంది. ఏది సరైనది? (భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఉపాధ్యాయిని)

రెండూ సరైనవే, పటమే మారింది. మొదటిది 2011 నాటి పది జిల్లాల మొత్తం. 2014లో పోలవరం ముంపు ప్రాంతాలను ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ చేశారు. కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, భద్రాచలం పట్టణం మినహా ఆ మండలం, బూర్గంపాడు మండలంలో కొన్ని ఊళ్లు అటు వెళ్లాయి. వాటి 2011 జనాభా తీసేస్తే రెండో అంకె వస్తుంది. తేడా 1,90,304. అదే సంఖ్యను ఆంధ్రప్రదేశ్ 13 జిల్లాల 4,93,86,799కి కలపండి, 4,95,77,103 వస్తుంది. పిల్లల చేత ఈ కూడిక చేయిస్తే హద్దు అంటే ఏమిటో ఏ పాఠం కంటే బాగా అర్థమవుతుంది.

జిల్లాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 2011లో తెలంగాణ ప్రాంతంలో పది జిల్లాలుండేవి, ఇప్పుడు 33. రంగారెడ్డి, ఖమ్మం లాంటి పేర్లు అలాగే ఉన్నాయి కానీ వాటి విస్తీర్ణం వేరు. పాత జిల్లా అంకెను కొత్త జిల్లా అంకె పక్కన పెట్టి పెరుగుదల శాతం కట్టకండి. 2011 గ్రామస్థాయి పట్టిక తీసుకుని, నేటి జిల్లాలోకి వచ్చే ఊళ్లను ఏరి కూడాలి. ఏరేటప్పుడు పేరు చూడకండి, ఆరంకెల గ్రామ కోడ్ చూడండి. కొత్తపల్లి, రామాపురం అనే ఊళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలియంది కాదు. ఆరంకెల కోడ్ 8తో మొదలైతే అది పట్టణం.

ప్రశ్న: ఎన్యూమరేటర్‌గా నియమించారు. శిక్షణలో లేఅవుట్ మ్యాప్ (బ్లాకులోని వీధులు, ఇళ్లు చూపే పటం) గురించి త్వరత్వరగా చెప్పేశారు. నంబర్లు ఎలా వేయాలి, తప్పులు ఎక్కడ జరుగుతాయి? (గుంటూరు జిల్లా)

ముందు ఏ ఇంటి తలుపూ తట్టకండి. మొదటి పూట బ్లాకు చుట్టూ నడవండి. కాలువ, రోడ్డు, గుడి, ట్యాంకు లాంటి హద్దు గుర్తులు మీకిచ్చిన పటంలో ఉన్నట్టే నేల మీద ఉన్నాయో లేదో చూడండి. పక్క బ్లాకు ఎన్యూమరేటర్‌ను కూడా రమ్మని, ఉమ్మడి హద్దు దగ్గర ఇద్దరూ నిలబడి ఏ ఇల్లు ఎవరిదో తేల్చుకోండి. ఈ గంట పని చేయకపోతే తర్వాత వారం రోజులు సరిదిద్దుకోవాల్సి వస్తుంది. ఉపగ్రహ చిత్రం తీశాక వేసిన ప్లాట్లు, చెట్ల కింద ఉన్న గుడిసెలు, మురికివాడల్లో రెండడుగుల సందులు మీ పటంలో ఉండవు. ఆరుగురు ఎన్యూమరేటర్లకు ఒక సూపర్‌వైజర్ ఉంటారు. తేడా కనిపిస్తే వారికి అప్పుడే చెప్పండి, హద్దును మీరే మార్చేయకండి.

నంబర్లకు 2011 చేతిపుస్తకం పద్ధతి తెలిసి ఉంటే యాప్ మీద కూడా తడబడరు. వీధికి ఒక పక్క చివరిదాకా వరుసగా వేసుకుంటూ వెళ్లి, అక్కడ దాటి రెండో పక్కన వెనక్కి రావాలి. ఎదురెదురు ఇళ్లకు అటొకటి ఇటొకటి వేస్తే ఒక ఇల్లు ఖాయంగా తప్పిపోతుంది. వేసుకుంటూ పోయాక 9, 10 నంబర్ల మధ్య సందులో ఇంకో ఇల్లు బయటపడిందనుకోండి, దానికి 9/1 ఇస్తారు. అన్నీ మళ్లీ మార్చక్కర్లేదు.

భవనం వేరు, జనగణన ఇల్లు వేరు. రోడ్డు నుంచి గానీ, ఉమ్మడి వాకిలి నుంచి గానీ, మెట్ల నుంచి గానీ విడిగా ప్రధాన ద్వారం ఉండి, విడి భాగంగా వాడుకునేదే జనగణన ఇల్లు. 14వ నంబరు భవనం తీసుకుందాం. కింద యజమాని ఉంటారు, అది 14(1). బయటి మెట్లెక్కితే పై అంతస్తులో అద్దెకున్నవాళ్లు, అది 14(2). వీధి వైపు విడి షట్టరుతో కిరాణా కొట్టు, అది 14(3). కొట్టులో ఎవరూ పడుకోకపోయినా నంబరు ఉండాలి. తాళం వేసిన ఇంటికీ, ఖాళీ ఇంటికీ నంబరు ఉండాలి. ‘ఎవరూ లేరు కదా’ అని వదిలేసిన ఇంట్లో ఫిబ్రవరి నాటికి ఒక కుటుంబం దిగుతుంది. కుటుంబాన్ని మాత్రం వంటగదిని బట్టి లెక్కిస్తారు. అన్నదమ్ములిద్దరూ ఒకే కప్పు కింద ఉండి పొయ్యిలు వేరైతే రెండు కుటుంబాలు.

కాగితం పటంలో పక్కా ఇంటికి చతురస్రం, కచ్చా ఇంటికి త్రిభుజం. నివాసం కానిదైతే లోపల గీతలు పెడతారు. ఇక్కడ చాలామంది పొరబడతారు. గోడ, కప్పు రెండూ పక్కావైతేనే చతురస్రం. ఇటుక గోడల మీద తాటాకు కప్పు ఉంటే త్రిభుజం. మట్టి గోడల మీద రేకులున్నా త్రిభుజమే.

ఈసారి కొత్తగా ప్రతి భవనానికి ఫోన్‌లో చుక్క పెడతారు. ఆరుబయట ఫోన్ జీపీఎస్ నాలుగైదు మీటర్ల తేడాతో చూపిస్తుంది. ఇరుకు వీధిలో, ఎత్తైన అపార్టుమెంట్ల మధ్య ఇంకా ఎక్కువ తప్పుతుంది. రోడ్డు మీద నిలబడి నొక్కితే చుక్క ఎదురింటి మీద పడవచ్చు. గుమ్మం దగ్గరికి వెళ్లి, నీలం చుక్క కుదురుగా ఆగేదాకా కాసేపు ఆగి, తెర మీద కప్పు గుర్తుపట్టి పెట్టండి. సిగ్నల్ లేని గూడేల్లో పని మొదలుపెట్టేముందే పటం డౌన్‌లోడ్ అయి ఉందో లేదో మండల కేంద్రంలోనే చూసుకోండి.

ప్రశ్న: సెల్ఫ్ ఎన్యూమరేషన్‌లో (మన వివరాలు మనమే ఆన్‌లైన్‌లో నింపడం) పొరపాటున పక్క వీధిలో పిన్ పెట్టాను. ఏమవుతుంది? (కూకట్‌పల్లి)

మీ వివరాలు పక్క బ్లాకు ఎన్యూమరేటర్‌కు చేరే ప్రమాదం ఉంది. నమోదు పూర్తయ్యాక వచ్చిన ఐడీని దాచిపెట్టి, మీ ఇంటికి వచ్చిన ఎన్యూమరేటర్‌కు చూపించి, పిన్ తప్పిన సంగతి నోటితో కూడా చెప్పండి. ‘ఆన్‌లైన్‌లో ఇచ్చేశాం’ అని తలుపు దగ్గరే పంపించేయకండి. పిన్ పెట్టేటప్పుడు ఉపగ్రహ చిత్రంలో మీ కప్పు నడిమధ్య పెట్టాలి, గేటు మీద కాదు. ఒకే అపార్టుమెంటులో అందరి పిన్నులూ ఒకేచోట పడినా ఇబ్బంది లేదు.

ప్రశ్న: మా స్థలం మీద కోర్టులో తగాదా ఉంది. జనగణన నంబరు, జియో ట్యాగ్ (ఫోన్ పటంలో ఇంటి మీద పెట్టిన చుక్క) నా పేరు మీద ఉంటే సాక్ష్యంగా పనికొస్తుందా? (కర్నూలు జిల్లా)

పనికిరాదు. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ రికార్డులను చూసే హక్కు బయటివాళ్లెవరికీ లేదు, సివిల్ కేసుల్లో సాక్ష్యంగా చెల్లవు. మీకు కావలసింది సర్వే రికార్డు: ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం), రీసర్వే అయిన ఊరైతే ల్యాండ్ పార్సిల్ మ్యాప్ (ఒక్కో కమతం హద్దులు చూపే పటం). గ్రామకంఠంలో ఇల్లయితే, డ్రోన్లతో 1:500 స్కేలులో పటాలు చేసే స్వామిత్వ పథకం కింద ఆస్తి కార్డు వచ్చిందేమో పంచాయతీలో అడగండి.

ప్రశ్న: ఊరి చరిత్ర రాస్తున్నాను. పాత టోపోషీటు, ఫోన్ మ్యాపు, గ్రామ నక్షా (రెవెన్యూ వాళ్ల ఊరి పటం) మూడింట్లో మా చెరువు మూడుచోట్ల ఉంది. ఎందుకు? (హైదరాబాద్ శివారు)

మూడూ వేర్వేరు పనుల కోసం చేసినవి. 1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీటులో రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. ఒక్కో షీటు 15 నిమిషాల (పావు డిగ్రీ) అక్షాంశ రేఖాంశాల మేర ఉంటుంది. హైదరాబాద్ పాతనగరం 56 కె/7 షీటులో వస్తుంది. పాత షీట్లకు ఎవరెస్ట్ గోళాభం ఆధారం, ఫోన్‌కు డబ్ల్యూజీఎస్ 84. ఇవి భూమి ఆకారాన్ని లెక్కకట్టే రెండు వేర్వేరు నమూనాలు. పాత షీటులోని అక్షాంశ రేఖాంశాలను మార్చకుండా ఫోన్‌లో కొడితే మన ప్రాంతంలో వంద మీటర్లకు పైనే పక్కకు చూపిస్తుంది. గ్రామ నక్షా గొలుసుతో కొలిచి గీసింది. ఊరి లోపల కొలతలు బాగుంటాయి కానీ అక్షాంశ రేఖాంశాలు ఉండవు. అందుకే పక్కపక్క ఊళ్ల నక్షాలు కలిపితే అంచులు అతకవు.

నక్షాను ఫోన్ పటం మీదికి తేవాలంటే ఇప్పటికీ కదలని గుర్తులు కనీసం నాలుగు పట్టుకోండి. చెరువు తూము, పాత గుడి, మూడు ఊళ్లు కలిసేచోట పాతిన రాయి, దిగుడుబావి లాంటివి. చెరువు నీటి అంచును వాడకండి, నీరు తగ్గాక అంచు వెంబడి ఆక్రమణలు వచ్చి ఉంటాయి. నాలుగూ ఊరికి ఒకే పక్కన లేకుండా నాలుగు మూలలా ఉండాలి.