సీడీకే5 మెదడు ఎంజైమ్ కదా, షుగర్‌తో దానికేం పని?

దేవరకొండ నుంచి బీఎస్సీ స్టూడెంట్ ఒకరు అడిగారు: సీడీకే5 మెదడు కైనేజ్ (వేరే ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) అని నోట్సులో ఉంది, షుగర్ మందుల గురించి చదువుతుంటే మళ్లీ అదే పేరు కనిపిస్తోంది, ఏది నిజం అని.

రెండూ నిజమే. నల్లగొండలో డిగ్రీ పిల్లలకు నేను చెప్పే సబ్జెక్టు ఇదే. ఈ డౌటు ఎవరికీ రాని ఏడాదే నాకు అనుమానం, క్లాసు విన్నారా లేదా అని.

సీడీకే5 ఒంట్లో చాలా కణాల్లో ఉంటుంది, కాకపోతే ఒంటరిగా ఏ పనీ చేయలేదు. పి35 గానీ పి39 గానీ, ఈ తోడు ప్రోటీన్లలో ఒకటి వచ్చి అతుక్కుంటేనే వేరే ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించగలదు. పి35 నరాల కణాల్లో దండిగా ఉంటుంది. అందుకే సీడీకే5 పని మెదడులోనే ఎక్కువ, మెదడు కైనేజ్ అన్న పేరూ అలాగే పడింది. 1996లో ఈ జన్యువు తీసేసిన ఎలుకల్లో మెదడు పొరలు తారుమారయ్యాయి, పిల్లలు బతకలేదు.

అయితే ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లోనూ పి35 ఉంది, గ్లూకోజ్ పెరిగితే అదీ పెరుగుతుంది. సీడీకే5ను అడ్డుకుంటే, గ్లూకోజ్ ఎక్కువున్నప్పుడు ఆ కణాలు ఇంకాస్త ఇన్సులిన్ వదిలాయని 2005లో తేలింది. అంటే అక్కడ ఇది బ్రేకు లాంటిది. కిడ్నీలో వడపోత చేసే పోడోసైట్లలోనూ, కండరాలు ఏర్పడేటప్పుడూ దీనికి పని ఉంది, వాటి జోలికి ఇప్పుడు పోను.

అసలు కథ కొవ్వు కణాల్లో. ఒళ్లు బాగా పెరిగితే కొవ్వులో వాపు సంకేతాలు మొదలవుతాయి. పి35 తెగి పి25 అవుతుంది, దాంతో సీడీకే5 జోరు పెరుగుతుంది. అది పీపీఏఆర్ గామా అనే రిసెప్టర్‌లో (కొవ్వు కణాల్లో జన్యువులను ఆన్, ఆఫ్ చేసే ప్రోటీన్) 273వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లం మీద ఫాస్ఫేట్ పెడుతుంది. దాంతో ఒంటికి మేలు చేసే అడిపోనెక్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది. రోజిగ్లిటజోన్ తరగతి షుగర్ మందులు ఈ ఫాస్ఫేట్‌ను ఆపుతాయని 2010లో అమెరికా శాస్త్రవేత్త స్పీగెల్‌మన్ బృందం చూపించింది.

పాలమూరులో ఉండే మా అమ్మకు డాక్టర్ రాసిన పయోగ్లిటజోన్ కూడా ఆ తరగతిదే. షుగర్ దిగింది గానీ కాళ్లు ఉబ్బాయి. మెట్టెలు బిగుసుకుపోయి వేలి మీద గాడి పడితే సబ్బు నురగ రాసి తీశాను. డాక్టర్‌కు చెబితే గోళీ మార్చారు. పయోగ్లిటజోన్ ఫాస్ఫేట్‌ను ఆపడంతో పాటు రిసెప్టర్‌ను గట్టిగా ఆన్ కూడా చేస్తుంది. నీరు పట్టడం, బరువు పెరగడం ఆ రెండో పని వల్లే. అందుకే మొదటి పని మాత్రమే చేసే మందు కోసం వెతుకులాట మొదలైంది. (ఇది చదివి ఇంట్లో ఎవరి గోళీలూ మీ అంతట మీరు ఆపకండి.)

అలాగని సీడీకే5ను తీసేస్తే షుగర్ పోతుందని రాసేయకండి. ఎలుకల కొవ్వు కణాల్లో దాన్ని తీసేసి చూశారు. ఈఆర్‌కే అనే ఇంకో కైనేజ్ రెచ్చిపోయి అదే సెరీన్ మీద ఫాస్ఫేట్ పెట్టింది, ఇన్సులిన్ రెసిస్టెన్స్ (ఇన్సులిన్ ఉన్నా ఒళ్లు దాని మాట వినకపోవడం) ఇంకా పెరిగింది. 2015 నాటి ఆ ఫలితం నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఇంకోటి, సీడీకేఏఎల్1 అనే జన్యువుకు షుగర్‌తో లింకు ఉందని 2007లో బయటపడింది. చాలామంది దాన్ని కూడా సీడీకే5 ఖాతాలో రాస్తారు. అది టీఆర్ఎన్ఏను (ప్రోటీన్ తయారీకి అమైనో ఆమ్లాలు మోసుకొచ్చే అణువు) సవరించే ఎంజైమ్, దాని దారి వేరు.