ఊరి మెనోనైట్ క్రైస్తవ సంఘ చరిత్ర రాస్తున్న అమ్మాయికి

రాజురా (చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర)

అమ్మాయీ,

నీ రాతప్రతి చదివాను. మొదటి అధ్యాయం తీసేయి. 1525లో జ్యూరిక్‌లో పెద్దవాళ్లు మళ్లీ బాప్తిస్మం పొందడం, మెనోనైట్లకు ఆ పేరు రావడానికి కారణమైన మెనో సైమన్స్ 1536లో కాథలిక్ గురువు పదవి వదులుకోవడం: వీటికి ఒక్క పేరా చాలు. మీ అమ్మమ్మ ఊరు ఉన్నది పాలమూరులో.

మిషనరీల సంగతీ అంతే. రష్యా నుంచి ముందుగా ఫ్రీసెన్ దంపతులు నల్లగొండకు, 1899లో అమెరికా నుంచి హీబర్ట్ దంపతులు హైదరాబాదుకు వచ్చారు. మిషనరీల ఉత్తరాలు ‘జియోన్స్‌బోటె’ అనే జర్మన్ పత్రికలో అచ్చయ్యాయి. వాళ్ల కథ ఎక్కడికీ పోదు. మీ ఊళ్లో మొదట చెరువులో దిగి బాప్తిస్మం తీసుకున్న మనిషి మాత్రం ఒక్క ఉత్తరమూ రాయలేదు. ఆ మర్నాడు పటేలు అతనికి పని చెప్పాడా? వెట్టి మానేశాడా, వెట్టి చేస్తూనే ప్రార్థనకు వెళ్లాడా? జాతరలో డప్పు కొట్టనన్నవాణ్ణి ఏం చేశారు? ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకు బైబిల్ చెప్పే బైబిల్ స్త్రీకి జీతం ఎవరిచ్చారు? కోత పండుగకు జొన్నలు వచ్చాయా, వడ్లా? ఇవన్నీ బల్లార్‌పూర్‌లో స్థిరపడిన మీ ఊరి ముసలివాళ్లను అడుగు. ఊళ్లో ఉన్నవాళ్లకన్నా వాళ్లే ధైర్యంగా చెబుతారు. ఇక్కడ వాళ్లకు పటేలు భయం లేదు కదా.

ఇక అసలు సంగతి. చర్చి రిజిస్టరులోని మార్త, బడి రికార్డులోని ఎల్లమ్మ ఒకరేనని తేల్చి, అలాంటి జంట పేర్లన్నీ పట్టిక వేశావు. చాలా కష్టపడ్డావు, నిజమే. కానీ అది అచ్చులోకి పోకూడదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులకు షెడ్యూల్డ్ కులం హోదా ఇవ్వలేదు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. మన చంద్రపూర్‌లో అంబేద్కర్ సమక్షంలో బౌద్ధం తీసుకున్న కుటుంబాలకు అలా దారి దొరికింది. చర్చికి వెళ్లేవాళ్లకు దొరకలేదు. తెలంగాణలో వాళ్లను బీసీ-సి కింద, అంటే వెనుకబడిన తరగతుల్లో ఒక విభాగంగా లెక్కిస్తారు. అందుకే, షెడ్యూల్డ్ కులం హోదా పోకుండా, కాగితం మీద ఎల్లమ్మ ఎల్లమ్మగానే ఉండిపోయింది. ఆమె మనవడు ఇప్పుడు ఉద్యోగంలో ఉండవచ్చు. నీ పుస్తకం చేతిలో పట్టుకుని ఫిర్యాదు చేసేవాడు ఆ ఊళ్లోనే దొరుకుతాడు. పోయినవాళ్ల పేర్లే కదా అంటావేమో! కుల ధ్రువపత్రం విచారణ మొదలయ్యేదే తాతల నుంచి.

పేర్లు మార్చి రాయమని మీ పాస్టరుగారు అన్నారట. నాకు అదీ నచ్చలేదు. లేని మనిషిని సృష్టిస్తే రేపు ఎవరూ నీ చరిత్రను నమ్మరు. చర్చి పేరు ఒక్కటే ఉంచి, ఇంటిపేరూ తండ్రి పేరూ వదిలేయి. రెండు పేర్లు ఎందుకు అవసరమయ్యాయో మాత్రం దాచకుండా రాయి, అధ్యాయమంతా పట్టినా సరే.

పట్టిక ఉన్న పేజీలు తిప్పి పంపుతున్నాను, నా దగ్గర నకలు ఉంచుకోలేదు. వెట్టి సంగతి రాశాక ఆ భాగం నాకు పంపు.

ఆశీస్సులతో.