ఫొటోల ఫైలు తర్వాత చూద్దాం

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. నేను హైస్కూల్లో సైన్స్ టీచర్‌ని. ఈ ఏడాది పర్యావరణ విద్యకిచ్చే గుర్తింపు కోసం దరఖాస్తు పెడదామని మా హెడ్మాస్టర్ గారు అంటున్నారు. మొక్కలు నాటిన ఫొటోలు, వ్యాసరచన పోటీల సర్టిఫికెట్లు ఫైల్లో పెట్టాం. పరిశీలనకు వచ్చేవాళ్లు ఇంకేం చూస్తారు? పిల్లల్ని బయటికి తీసుకెళ్తే సిలబస్ వెనకబడుతుందని తోటి టీచర్లకు టెన్షన్. వాళ్లకేం చెప్పాలి?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: ఇలాంటి పరిశీలనకు వెళ్లినప్పుడు నేను ఫైలు ఆఖర్న తెరుస్తాను. ముందు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆవరణంతా తిరుగుతాను. ఒక బడిలో ఆరో తరగతి పాప నన్ను నేరుగా చేతులు కడుక్కునే కుళాయిల దగ్గరికి తీసుకెళ్లింది. చివరి కుళాయి కారుతోంది. ఆ పాప దాని కింద మగ్గు పెట్టి, ఒక పీరియడ్‌లో ఎంత నిండుతోందో కొలిచి, రోజుకెన్ని లీటర్లు పోతున్నాయో నోటుబుక్కులో లెక్క కట్టింది. వాషర్ మార్పించమని హెడ్మాస్టర్‌కి రాసిన అర్జీ కూడా అదే పేజీకి అంటించింది. కుళాయి ఇంకా బాగుపడలేదు, అయినా ఆ బడికి మంచి మార్కులే వేశాను. ఎందుకంటే ఆ లెక్క పాప సొంతంగా కట్టింది.

చాలా దేశాల్లో నడుస్తున్న ఎకో-స్కూల్స్ కార్యక్రమం పద్ధతి కూడా ఇలాంటిదే. 1992లో రియోలో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు తర్వాత, 1994లో అది మొదలైంది. అందులో ఏడు మెట్లు. మొదటిది పిల్లలు ముందుండి నడిపే కమిటీ, రెండోది బడి పరిస్థితిని వాళ్లే సర్వే చేయడం. ఆ తర్వాతే ప్రణాళిక, ఫలితాల కొలత, పాఠాలతో ముడిపెట్టడం వగైరా. మొక్కలు నాటడం అనే మెట్టు ఆ ఏడింటిలో విడిగా లేదు! పైగా అక్కడ బడికి గుర్తింపుగా ఇచ్చే గ్రీన్ ఫ్లాగ్ ఒకసారి వస్తే శాశ్వతం కాదు, మళ్లీ మళ్లీ నిలబెట్టుకోవాలి. నాకు బాగా నచ్చింది ఈ షరతే.

కాబట్టి మీరూ కమిటీతో మొదలుపెట్టండి. అందులో వాచ్‌మన్‌నీ, ఆయానీ తప్పకుండా చేర్చండి. చెత్త ఎక్కడ పడుతుందో, మోటారు ఎంతసేపు ఆడుతుందో వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు. ఒక రోజు చెత్తంతా వేరుచేసి తూకం వేయించండి. పోయినేడు నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయో, పోయినవి ఎందుకు పోయాయో పిల్లల చేత రాయించండి. ఆ అంకె చిన్నదైనా దాచకండి. నాలాంటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

ఇక సిలబస్ సంగతి. బయట చెప్పేదీ పాఠమే. చెట్టు నీడనీ, పక్కన నిలబెట్టిన కర్ర ఎత్తునీ, దాని నీడనీ కొలిస్తే చెట్టు ఎత్తు వచ్చేస్తుంది, సరూప త్రిభుజాల పాఠం అక్కడే అయిపోతుంది. నేలమీద మీటరు చదరాన్ని దారంతో కట్టి, అందులోని గడ్డి రకాలు, చీమలు, పురుగులు అన్నీ రాయమనండి. నెల తర్వాత మళ్లీ అదే చదరం దగ్గర కూర్చోబెట్టండి. ఏం మారిందో, ఎందుకు మారిందో వాళ్లే అడగడం మొదలుపెడతారు. అయితే దీనికి టైంటేబుల్‌లో వారానికో పీరియడ్ రాసి ఉండాలి. ‘వీలున్నప్పుడు’ అనుకుంటే ఆ వీలు ఎప్పటికీ రాదు.

తోటి టీచర్లకు ఇంకో మాట చెప్పండి. చైనాలోని గ్వాంగ్జౌలో ఒకటో తరగతి పిల్లలకు బడిలో రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే పీరియడ్ పెట్టి మూడేళ్లు గమనించారు. 2015లో ఫలితాలు వచ్చాయి. కొత్తగా హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం) వచ్చినవాళ్లు ఆ బడుల్లో 30.4 శాతం, మామూలు బడుల్లో 39.5 శాతం. పిల్లల కళ్ల గురించి ఆలోచించినా ఆ పీరియడ్ దండగ కాదు.

ఈ ఏడాదే పెట్టాలని హెడ్మాస్టర్ గారు పట్టుబడితే దరఖాస్తు పెట్టండి. కాకపోతే ఫారం నింపేటప్పుడు కమిటీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. అంకెలు వాళ్లు చెప్పాలి, మీరు రాయాలి.