పెట్ స్కాన్‌లో మెడ దగ్గర వెలుగు.. జబ్బు తిరగబెట్టినట్టేనా?

ప్రశ్న: నా వయసు 31. లింఫోమాకు (లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌కు) కీమోథెరపీ పూర్తయి రెండేళ్లయింది. జనవరిలో పెట్-సీటీ చేయిస్తే మెడకు రెండు పక్కలా ‘బ్రౌన్ ఫ్యాట్ అప్‌టేక్’ అని రాశారు. స్కాన్ బొమ్మలో ఆ చోట పసుపు రంగులో వెలుగుతోంది. జబ్బు మళ్లీ వచ్చిందేమోనని నిద్ర పట్టటం లేదు. ఈ బ్రౌన్ ఫ్యాట్ ఏమిటి? ఎంతుందో కొలవొచ్చా?
- ఓ సోదరి

జవాబు: అమ్మా, లింఫోమా గడ్డలు ఎక్కువగా వచ్చేదీ మెడలోనే కాబట్టి మీరు హడలిపోవటం సహజం. కానీ రిపోర్టులో రాసింది జబ్బు పేరు కాదు. మామూలు కొవ్వు శక్తిని దాచిపెడుతుంది. బ్రౌన్ ఫ్యాట్ దాన్ని కరిగించి ఒంట్లో వేడి పుట్టిస్తుంది. చలికి పసిపిల్లలను కాపాడేది ప్రధానంగా ఇదే.

స్కాన్‌కు ముందు గ్లూకోజ్‌ లాంటి మందు ఎక్కిస్తారు కదా. దాన్ని క్యాన్సర్ కణాలే కాదు, చలికి మేల్కొన్న బ్రౌన్ ఫ్యాట్ కూడా గబగబా పీల్చుకుంటుంది. ఏసీ గదిలో పల్చటి గౌనుతో గంటసేపు కూర్చోవటమే ఇందుకు కారణం కావొచ్చు. తేడాను పట్టించేది ఇదే పరీక్షలోని సీటీ భాగం. వెలిగిన చోట గడ్డ ఉందా, కొవ్వే ఉందా అని చూస్తారు. సీటీలో సాంద్రతను హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో కొలుస్తారు. కొవ్వు సాంద్రత సున్నా కన్నా తక్కువ, సుమారు మైనస్ 190 నుంచి మైనస్ 10 యూనిట్లు. లింఫ్ గ్రంథిది సున్నాకు పైనే.

ఇక కొలవటం గురించి. పెద్దవాళ్లలో ఈ కొవ్వు దాదాపు ఉండదనే చాలాకాలం అనుకున్నారు. 2009లో బోస్టన్ పరిశోధకులు 1,972 మంది పాత స్కాన్లు తిరగేస్తే ఆడవాళ్లలో 7.5 శాతం, మగవాళ్లలో 3.1 శాతం మందికి కనిపించింది. అదే ఏడాది నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో 24 మంది యువకులను 16 డిగ్రీల చల్లదనంలో ఉంచి చూస్తే 23 మందికి కనిపించింది! అంటే స్కాన్‌లో తెలిసేది ఆ రోజు ఎంత పనిచేసిందన్నదే. పైగా ఇది తనలో దాచుకున్న కొవ్వును కూడా వాడుకుంటుంది, గ్లూకోజ్ లెక్క ఒక్కటే చాలదు. బరువు తగ్గటానికి ఇదెంత ఉందో చూడాలని పెట్ స్కాన్ చేయించుకోవద్దు. రేడియేషన్ అనవసరం.

మీ స్కాన్ నేను చూడలేదు కాబట్టి పాత స్కాన్లన్నీ తీసుకొని మీ ఆంకాలజిస్టును కలవండి. ఈసారి స్కాన్‌కు వెళ్లేటప్పుడు ఇంటి నుంచే స్వెటర్ వేసుకోండి. ఇంజెక్షన్ ఇచ్చాక దుప్పటి అడగండి, ఏసీ తగ్గించమనండి. బ్రౌన్ ఫ్యాట్ వెలగకుండా కొన్నిచోట్ల ప్రొప్రనొలాల్ అనే మాత్ర ఇస్తారు. ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి, సొంతంగా మాత్రం వేసుకోవద్దు. జ్వరం, రాత్రిపూట ఒళ్లు తడిసేలా చెమటలు, బరువు తగ్గటం, చేతికి తగిలే గడ్డ.. వీటిలో ఏది ఉన్నా తర్వాతి స్కాన్ దాకా ఆగకుండా వెంటనే డాక్టర్‌కు చూపించుకోండి.